రోడ్డు మీద గుర్రపు స్వారీకి ఏ కెమెరా: తలకా, ఛాతీకా, అసలు వద్దా?

"శనివారం అమ్మాయీ నేనూ హ్యాకింగ్‌కి వెళ్లాం" అని ఫోన్‌లో చెబితే గుంటూరులో ఉన్న మా అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పోలీసులకి తెలిస్తే?" అంది. ఇంగ్లండ్‌లో గుర్రాల వాళ్ల భాషలో హ్యాకింగ్ అంటే కంచె వేసిన మైదానం దాటి, బయట దారుల్లో స్వారీకి వెళ్లడమని చెప్పాక ఊపిరి పీల్చుకుంది. పోలీసుల మాట మాత్రం నిజంగానే వచ్చింది. ఆ రోజు వీడియో వాళ్లకి పంపాలనే చూశాను, కుదరలేదు.

మేముండేది వార్విక్‌షైర్‌లో. గుర్రాన్ని ఉంచే యార్డ్ నుంచి బ్రైడిల్‌వే, అంటే గుర్రాలు వెళ్లడానికి వీలున్న బాట, చేరాలంటే కిలోమీటరు దాకా తారు రోడ్డు మీద నడవాలి. మధ్యలో ఒక మలుపు, రెండు పక్కలా మనిషెత్తు కంచెచెట్లు. ఆ మలుపు దగ్గర వెనక నుంచి వచ్చిన ఒక వ్యాన్ వేగం తగ్గించకుండా, మా అమ్మాయి రికాబుకి మూరెడు దూరంలో దూసుకుపోయింది. అమ్మాయి ఎక్కిన పోనీ, అంటే పొట్టి గుర్రం, పక్కకి గెంతింది, అమ్మాయి జూలు పట్టుకుని నిలదొక్కుకుంది. నా హెల్మెట్ మీద చవకలో కొన్న కెమెరా ఉంది. ఇంటికొచ్చి వీడియో ఆపి ఆపి చూస్తే, నంబరు ప్లేటు ఉండాల్సిన చోట పసుపు మరక ఒకటి ఉంది. అంతే.

ఆ తర్వాత ఏడాదిన్నరలో యార్డ్‌లో తోటివాళ్ల కెమెరాలు అడిగి తీసుకుని వాడి చూశాను, రెండు కొన్నాను, ఒకటి అమ్మేశాను. బ్రిటన్ రోడ్ల మీద స్వారీ చేసేవాళ్లకి, ముఖ్యంగా పిల్లల్ని పోనీ ఎక్కిస్తున్న మన తెలుగు తల్లిదండ్రులకి పనికొస్తుందని రాస్తున్నాను.

## ముందు, కెమెరా దేనికి?

2022 జనవరి 29న హైవే కోడ్, అంటే బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం, మారింది. గుర్రాన్ని దాటేటప్పుడు బండి గంటకి 10 మైళ్ల లోపు, అంటే 16 కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్లాలి, కనీసం 2 మీటర్ల ఎడం ఇవ్వాలి. ఇది 215వ నియమంలో ఉంది. కాకపోతే ఇక్కడ కోడ్ వాడిన మాట "చేయడం మంచిది" అనే తరహాది, "చేసి తీరాలి" అనేది కాదు. 2 మీటర్లు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఎవరికీ జరిమానా పడదు. అజాగ్రత్తగా నడిపారని 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం కింద కేసు పెడితే మాత్రం, ఆ నియమాన్ని పాటించలేదన్న సంగతి లెక్కలోకి వస్తుంది. అది చూపించాలంటే బండి ఎలా వచ్చింది, ఎంత దగ్గరగా వెళ్లింది, నంబరు ఏమిటి అనే మూడూ వీడియోలో ఉండాలి.

ఈ వీడియోలు తీసుకోవడానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా పోలీసు విభాగాలకి వెబ్‌సైట్లు ఉన్నాయి. వేల్స్‌లో మొదలైన ఆపరేషన్ స్నాప్ అనే పేరుతోనే చాలాచోట్ల నడుస్తోంది. ప్రమాదం జరగని కేసుల్లో, బండి యజమానికి పోలీసుల నోటీసు 14 రోజుల్లోపు చేరాలి. వాళ్ల పనికి కూడా టైమ్ కావాలి కాబట్టి, వీడియో పంపడానికి మీకు మిగిలేది నాలుగైదు రోజులే అనుకోండి. వచ్చే ఆదివారం తీరిగ్గా చూద్దాం అనుకుంటే కుదరదు.

## ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

మొదటిది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: కింద పడితే ఏమవుతుంది? స్వారీ హెల్మెట్‌ని పాస్ 015, వీజీ1, ఏఎస్‌టీఎం ఎఫ్1163 లాంటి ప్రమాణాల కింద పరీక్షిస్తారు. పరీక్షకి పెట్టేది కెమెరా లేని బోడి హెల్మెట్‌ని. పైభాగం నున్నగా ఉంటే నేలకి తగిలినప్పుడు జారుతుంది. దాని మీద గట్టి పెట్టె ఒకటి పొడుచుకొచ్చి ఉంటే అది నేలలో పట్టుకుని మెడని తిప్పేయవచ్చు, లేదా దెబ్బంతా ఒకే చోట దిగవచ్చు. 2013 డిసెంబరులో కారు రేసుల షూమాకర్ మంచు మీద స్కీయింగ్ చేస్తూ పడినప్పుడు ఆయన హెల్మెట్‌కి కెమెరా ఉంది. గాయం దానివల్లే పెరిగిందని తేలలేదు గానీ, గుర్రాల వాళ్లలో ఈ చర్చ గట్టిగా మొదలైంది అప్పుడే. పిల్లల స్వారీ సంస్థ పోనీ క్లబ్ నియమాల్లో టోపీ (హెల్మెట్) మీద కెమెరాకి అనుమతే లేదు. 14 ఏళ్ల లోపు పిల్లలు రోడ్డు మీద హెల్మెట్ లేకుండా స్వారీ చేయకూడదని ఇక్కడ 1990లోనే చట్టం చేశారు. అంత పట్టుబట్టి పెట్టించిన హెల్మెట్‌కి మనమే ఒక కొమ్ము మొలిపించడం ఏమిటన్నది నా బాధ.

రెండోది: నంబరు చదవగలమా? 4కే, 5కే అని పెట్టె మీద రాసి ఉన్నది చూసి మోసపోవద్దు. చదవలేకపోవడానికి ఎక్కువసార్లు కారణం పిక్సెళ్లు కాదు, వెలుతురు. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే మసక మొదలవుతుంది. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేమ్‌ని ఎక్కువసేపు తెరిచి పట్టుకుంటుంది, ఆ లోపల బండి ముందుకెళ్లిపోతుంది, ప్లేటు పులుముకుపోతుంది. ట్రాట్‌లో, అంటే గుర్రం దుడుకు నడకలో, ఎగిరెగిరి పడే మన తల దానికి తోడు. నాకు దక్కిన పసుపు మరక అలా పుట్టిందే. ఇక్కడ బండి ముందు ప్లేటు తెల్లగా, వెనక ప్లేటు పసుపుగా ఉంటుంది. మరక రంగుని బట్టి అది వెళ్లిపోయాక పడిందని మాత్రం తెలిసింది!

ఇంకొక మాయ ఉంది. యాక్షన్ కెమెరాల్లో ముందుగా పెట్టి ఉండే వెడల్పు కోణంలో పక్క నుంచి పోయే బండి ఉన్నదానికన్నా దూరంగా, చిన్నగా కనిపిస్తుంది. మీ మోకాలు రాసుకుపోయిన లారీ వీడియోలో పద్ధతిగా ఎడమిచ్చి వెళ్లినట్టే ఉంటుంది. సెట్టింగ్స్‌లో "లీనియర్" అని ఉంటే దానికి మార్చుకోండి. 1080పీ, సెకనుకి 60 ఫ్రేములు పగటిపూట సరిపోతాయి.

మూడోది ఏ వైపు చూస్తుంది అన్నది. బ్రిటన్‌లో ఎడమ పక్క వెళతాం కాబట్టి బండి మన వెనక నుంచి వచ్చి కుడి పక్కగా దాటుతుంది. ముందుకే చూసే కెమెరాకి అది మన మోకాలు దాటాకే కనపడుతుంది. ఎంత వేగంతో వచ్చింది, బ్రేక్ వేసిందా లేదా అన్నది దానికి తెలియదు.

మిగిలినవి చకచకా చెప్పేస్తాను. బ్యాటరీ మీ స్వారీ కన్నా అరగంట ఎక్కువ రావాలి, చలిలో ఇంకా త్వరగా అయిపోతుంది. 1080పీలో తీస్తే 64 జీబీ కార్డు చాలు. కెమెరాలో తేదీ, టైమ్ సరిగ్గా ఉండాలి. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో ఇక్కడ గడియారం గంట మారుతుంది, కెమెరా తనంతట మార్చుకోకపోవచ్చు. బీప్ శబ్దం ఆపేయండి. తన చెవుల వెనక ఏదో పిట్ట కూసిందని మా పోనీ మొదటిసారి అక్కడే గింగిరాలు తిరిగింది. వెల్క్రో చిరిగిన చప్పుడు కూడా అంతే, జీను మీద కూర్చుని దాన్ని ఊడదీయకండి. పగ్గాలు రెండు చేతుల్లోనూ ఉండాలి కాబట్టి గుర్రం ఎక్కకముందే ఆన్ చేసి, దిగాక ఆఫ్ చేయండి.

## ఒక్కొక్కటిగా

హెల్మెట్ మీద పెద్ద యాక్షన్ కెమెరా. గోప్రో, డీజేఐ ఓస్మో యాక్షన్ లాంటివి. బొమ్మ నాణ్యతలో వీటికి వంక పెట్టలేం. గోప్రో హీరో 12 బరువు 154 గ్రాములు, ఓస్మో యాక్షన్ 4 బరువు 145 గ్రాములు. చేతిలో పట్టుకుంటే ఏముందిలే అనిపిస్తుంది. నడినెత్తిన గంటసేపు మోస్తే సాయంత్రానికి మెడ చెబుతుంది. పడితే ఏమవుతుందన్నది పైన చెప్పాను. తల తిప్పినచోటికల్లా కెమెరా కూడా తిరుగుతుంది, అదొక్కటే దీనికున్న పెద్ద లాభం. కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తే వస్తున్న బండి వీడియోలో పడుతుంది. ఇది ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు, ఛాతీ పట్టీ కొనుక్కోండి. హెల్మెట్‌కి మాత్రం నేను పెట్టమనను. దానికోసం హెల్మెట్‌కి రంధ్రం చేసినవాళ్లని కూడా చూశాను. అలాంటి హెల్మెట్‌ని చెత్తబుట్టలో వేయాల్సిందే.

టోపీ అంచు కింద ఇమిడేది. ఫ్రెంచి కంపెనీ క్యాంబాక్స్ గుర్రాల వాళ్లకోసమే చేసిన పద్ధతి ఇది. హెల్మెట్ ముందుభాగంలో, అంచు కింద, నుదుటి దగ్గర పలచగా అంటుకుని ఉంటుంది. పొడుచుకు రాదు, తేలిక, తలతోపాటు తిరుగుతుంది కూడా. తలకే పెట్టాలని పట్టుదల ఉంటే నా ఓటు ఇలాంటిదానికే. అయినా నుదుటి దగ్గర గట్టి వస్తువు ఉందన్న సంగతి మరవకూడదు. అంచు లేని హెల్మెట్‌కి ఇది సరిగ్గా కుదరదు. ఇంత చిన్న పెట్టెలో బ్యాటరీ కూడా చిన్నదే ఉంటుంది, మీ స్వారీ గంట దాటేదైతే కొనేముందు ఆ లెక్క చూసుకోండి.

ముందూ వెనకా రెండు లెన్సులు ఉన్నది. టెకలాజిక్ లాంటి కంపెనీలు ఇలాంటివి అమ్ముతున్నాయి. సాక్ష్యం కోణంలో చూస్తే దీన్ని మించింది లేదు. వెనక లెన్స్ బండి రావడాన్నీ తెల్ల ప్లేటునీ పడుతుంది, ముందు లెన్స్ దాటి వెళ్లడాన్నీ పసుపు ప్లేటునీ పడుతుంది. ఒకదాంట్లో పులుముకున్నా రెండోదాంట్లో దొరుకుతుంది. బాధల్లా, ఇది హెల్మెట్ పక్కన తగిలించుకునే పెట్టె. పోనీ మీంచి పక్కకి పడేవాళ్లు తక్కువేం కాదు. రోజూ ఒంటరిగా, బళ్లు జోరుగా తిరిగే రోడ్డు మీద, నమ్మకమైన పెద్ద గుర్రంతో వెళ్లే పెద్దవాళ్లు దీన్ని ఎంచుకుంటే కాదనలేను. పిల్లలకి వద్దు.

ఛాతీ మీద చిన్న కెమెరా. మేం చివరికి స్థిరపడింది ఇక్కడే. ఇన్‌స్టా360 గో 3ఎస్ 39 గ్రాములు ఉంటుంది. చొక్కా లోపల అయస్కాంతం బిళ్ల వేసుకుంటే, పైన కెమెరా దానికి అతుక్కుంటుంది. గట్టిగా లాగితే ఊడి వచ్చేస్తుంది, పడినప్పుడు కావాల్సింది అదే. ఛాతీ తలంత ఊగదు కాబట్టి బొమ్మ నిలకడగా ఉంటుంది. ఇంకొక లాభం నేను ముందు ఊహించనిది. ఫ్రేములో కింద ఎప్పుడూ గుర్రం మెడ, చెవులు కనపడతాయి, దాటిపోతున్న బండి ఎంత దగ్గరగా ఉందో వాటితో పోల్చి చూడొచ్చు.

దీని లోపాలూ చెప్పాలి. విడిగా వాడితే బ్యాటరీ అరగంట పైచిలుకే, దాని పెద్ద డబ్బాలో పెడితే ఎక్కువసేపు వస్తుంది గానీ అప్పుడు అది చిన్న కెమెరా కాదు. కాబట్టి రోడ్డు మీద ఉన్నంతసేపే నడపాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అయస్కాంతం జోలికి వెళ్లొద్దు. చలికాలంలో మీద వేసుకునే కోటు లెన్స్‌ని మూసేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పడగానే గాలి నిండే ఎయిర్ జాకెట్ వేసుకునేవాళ్లు దాని మీంచి కెమెరా పట్టీ బిగించకూడదు. గాలి నిండడానికి చోటుండదు, జాకెట్ ఉన్న ఫలితమే పోతుంది. ఎయిర్ జాకెట్, ఛాతీ కెమెరా రెండిట్లో ఒకటే అంటే, మారు ఆలోచించకుండా జాకెట్.

కెమెరా లేకపోవడం. దీన్ని కూడా ఎంపికగానే లెక్కేయండి. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, జరగకుండా ఆపదు. చేతిలో 50 పౌండ్లే ఉంటే, ఆ డబ్బుతో దొరికే కెమెరా కన్నా మెరిసే హై-విజ్ చొక్కా, గుర్రం కాళ్లకి పట్టీలు, తోకకి పట్టీ కొనడం మేలు. "మెల్లగా, ఎడంగా దాటండి" అని ఇంగ్లిషులో పెద్దక్షరాలతో రాసి ఉన్న చొక్కాలు గుర్రాల దుకాణాల్లో దొరుకుతాయి. కెమెరా ఉందని రాసినవీ ఉన్నాయి. మలుపు దగ్గర డ్రైవర్‌కి అర సెకను ముందు కనపడటం, తర్వాత దొరికే స్పష్టమైన నంబరు కన్నా విలువైనది.

## ఒక చూపులో

| ఎంపిక | పడితే | నంబరు దొరకడం | వెనక నుంచి రావడం | ఎవరికి |
|---|---|---|---|---|
| హెల్మెట్ మీద పెద్దది | భయమే | బాగుంటుంది | తల తిప్పితేనే | నేనైతే ఎవరికీ చెప్పను |
| టోపీ అంచు కింద | కొంత నయం | పగలు ఫరవాలేదు | తల తిప్పితేనే | తలకే కావాలనే పెద్దవాళ్లకి |
| రెండు లెన్సులది | పక్కకి పడితే ఇబ్బంది | రెండు అవకాశాలు | పూర్తిగా | ఒంటరిగా, రోజూ రోడ్డెక్కేవాళ్లకి |
| ఛాతీ మీద చిన్నది | ఊడిపోతుంది | పగలు బాగుంటుంది | పడదు | జంటగా వెళ్లేవాళ్లకి, ఎయిర్ జాకెట్ లేనివాళ్లకి |
| కెమెరా లేదు, హై-విజ్ | సమస్యే లేదు | చూసి గుర్తుపెట్టుకోవాలి | వర్తించదు | కొత్తవాళ్లకి, తక్కువ బడ్జెట్‌కి |

## ఎవరు ఏది తీసుకోవాలి

పిల్లల విషయంలో నా మాట ఒక్కటే: పిల్లల ఒంటి మీద కెమెరా పెట్టకండి, వాళ్ల వెనక వచ్చే పెద్దవాళ్ల మీద పెట్టండి. ఇది భద్రతకోసం మొదలుపెట్టాం, సాక్ష్యానికి కూడా ఇదే మంచిదని తర్వాత తెలిసింది. ఒకరి వెనక ఒకరం వెళ్లేటప్పుడు వెనక ఉన్న నా ఛాతీ కెమెరాలో ముందున్న పోనీ, దాని పక్కన బండి, రెంటి మధ్య ఎడం, తెల్లగీత, అన్నీ ఒకే ఫ్రేములో వస్తాయి. ముందున్న మనిషి హెల్మెట్ మీద ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా ఈ కోణం రాదు. పోనీ క్లబ్‌కి వెళ్లే పిల్లలకి టోపీ మీద తీసి పెట్టే గొడవా ఉండదు.

ఒంటరిగా వెళ్లేవాళ్ల లెక్క వేరు. వెనక కన్ను లేకపోతే వాళ్లకి సగం కథే దొరుకుతుంది. కొందరు జీను వెనక కెమెరా కట్టుకుంటారు. నేను ప్రయత్నిస్తే గుర్రం పిరుదులు, తోక ఊపులు తప్ప పెద్దగా ఏమీ పడలేదు. వెన్నెముక మీదకి వచ్చేలా వీపున మాత్రం ఏ గట్టి వస్తువూ పెట్టుకోకండి. రెండు లెన్సులది కొంటారా, టోపీ అంచు కిందది కొని భుజం మీదుగా తరచూ వెనక్కి చూసే అలవాటు చేసుకుంటారా అన్నది మీ గుర్రం ఎంత స్థిమితమైనదో దాన్ని బట్టి తేల్చుకోవాలి. గుర్రం బెదురుగొడ్డు అయితే రెండోదే.

నెలకోసారి, యార్డ్ వాళ్ల గుర్రం మీద, గైడ్ వెంట వెళ్లేవాళ్లు ఏమీ కొనక్కర్లేదు. గైడ్ దగ్గర కెమెరా ఉందా అని అడగండి చాలు.

## ఏది కొన్నా ఒక చిట్కా

యార్డ్‌లో ఒక పెద్దావిడ నేర్పింది ఇది. బండి దాటిపోగానే నంబరుని గట్టిగా, అక్షరం అక్షరం, పైకి చదవాలి. కెమెరా మాటని రికార్డు చేస్తుంది. బొమ్మలో ప్లేటు పులుముకున్నా మీ గొంతులో నంబరు ఉంటుంది, ఆ క్షణానే అన్నదని కూడా తెలుస్తుంది. గాలి హోరుకి మైకు మీద చిన్న స్పాంజి అంటిస్తే మాట ఇంకా బాగా వినపడుతుంది. మా అమ్మాయికి ఇదిప్పుడు ఆటైపోయింది. పద్ధతిగా ఆగి చేయెత్తిన కార్ల నంబర్లు కూడా చదివేస్తోంది. నిజానికి అలాంటివాళ్లే ఎక్కువ, మా కార్డు నిండా వాళ్లే.

పంపాల్సి వస్తే వీడియోని కత్తిరించి, పాట జోడించి పంపకండి. సంఘటనకి ముందూ తర్వాతా ఒకటి రెండు నిమిషాలు ఉన్న అసలు ఫైలే కావాలంటారు, ఎంతసేపటిది కావాలో ఆయా పోలీసు వెబ్‌సైట్‌లో ఉంటుంది. వాళ్లు నిర్ణయం చెప్పేదాకా ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టకండి, కేసు దెబ్బతింటుంది. అవసరమైతే వాంగ్మూలం ఇవ్వాలి, కోర్టుకి కూడా వెళ్లాల్సి రావచ్చు, దానికి సిద్ధపడే పంపండి. అలాగే కెమెరా మిమ్మల్ని కూడా చూస్తుంది. వ్యాన్ దాటాక నేను తెలుగులో అన్న నాలుగు మాటలు ఆ మొదటి వీడియోలో స్పష్టంగా ఉన్నాయి. నంబరు తప్ప అన్నీ దొరికాయి అందులో.